మిగిలిన డీజిలు ఎవరి ఖాతాలో పడింది?

విశాఖపట్నం జిల్లాలో మానసిక వైద్య సేవలకు ప్రణాళికలు, అంచనాలు తయారుచేసే అధికారులకు, వాటి మీద సంతకం పెట్టే పెద్దలకు ఒక బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను పంచాయతీల్లాంటి స్థానిక సంస్థల లెక్కలు తనిఖీ చేసే లోకల్ ఫండ్ ఆడిట్‌లో 31 ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషిని. మీ పని ఎంత కష్టమో నాకు తెలుసు. చాలని డబ్బును పదిచోట్లకు సర్దాలి, చివరికి మాలాంటివాళ్ల చేత అభ్యంతరాలు రాయించుకోవాలి. అందుకని మిమ్మల్ని తిట్టడానికి ఈ లేఖ రాయడం లేదు. ఒక లెక్క మీద అభ్యంతరం చెప్పడానికి రాస్తున్నాను. మా చెల్లెలి ఊరి దగ్గరి ఆరోగ్య కేంద్రానికి నెలనెలా వచ్చే మానసిక వైద్యుల జీపు ఆగిపోయింది. దాని మీద మూడు అర్జీలు పెట్టాను. మొదటిదానికి రసీదు వచ్చింది. రెండోదానికి ‘సంబంధిత విభాగమునకు పంపడమైనది’ అని వచ్చింది. మూడోదానికి ఒక అమ్మాయి ఫోను చేసి, మీ సమస్య పరిష్కారమైంది కదా సార్, తృప్తిగా ఉన్నారా అని అడిగింది. పరిష్కారం కాలేదమ్మా అన్నాను. అలాగే సార్ అని పెట్టేసింది. ఆ తర్వాతే ఇది నలుగురిలో రాస్తున్నాను.

జీపు ఆగిందెందుకని పట్టుబట్టి అడిగితే నోటిమాటగా చెప్పిన కారణం ఒక్కటే: ‘వ్యయానికి తగిన ఫలితం కనిపించడం లేదు.’

ఆ వాక్యం నాది. నేను కనిపెట్టింది కాకపోయినా, వెలగని వీధిదీపాల మీద, నీళ్లు పడని బోర్ల మీద, తాళం తీయని కమ్యూనిటీ హాళ్ల మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. రాసిన ప్రతిసారీ నేనే న్యాయం మాట్లాడుతున్నానని అనుకున్నాను. అదే వాక్యం తిరిగి తిరిగి మా చెల్లెలి ఇంటి గుమ్మం ఎక్కాక, ఫలితం అన్న మాటలో ఏమేం లెక్కపెట్టామో, ఏమేం వదిలేశామో మొదటిసారి కూర్చుని ఆలోచించాను.

జరిగింది ముందు చెబుతాను. ఊరి పేరు, ఆరోగ్య కేంద్రం పేరు రాయను. రాస్తే మొదటి మెమో అక్కడి నర్సమ్మకే వెళ్తుంది. ఆమె తప్పు ఇసుమంత లేదు. ఆనందపురం పూల మార్కెట్టుకు చామంతులు, కనకాంబరాలు పంపే ఊళ్లలో ఒకటి అనుకోండి. మా చెల్లెలు అక్కడ పూలకోత కూలికి వెళ్తుంది. కోతంతా తెల్లవారుజామునే. పొద్దెక్కితే పువ్వు వాడిపోతుంది, ఆ రోజు కూలి పోయినట్టే. ఆమె కొడుక్కి 33 ఏళ్లు. 21వ ఏట స్కిజోఫ్రీనియా వచ్చింది. లేని మాటలు వినిపించే, లేని అనుమానాలు పుట్టించే మానసిక జబ్బు అది. మొదటి రెండేళ్లు గాలి సోకిందన్నారు, తాయెత్తులు కట్టారు, కోళ్లు కోశారు. ఇందులో నా పాపమూ ఉంది. చదువుకున్న మేనమామను, నేనే ఒక తాయెత్తుకు డబ్బిచ్చాను. ఆఖరికి విశాఖలో చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లాం. అప్పటినుంచి నెలకో ఫ్లూఫెనజైన్ సూది, రాత్రికో మాత్ర. సూది, మాత్ర పడినంత కాలం వాడు పూలబుట్టలు ఆటోకెక్కించి రోజుకు రూ.500 తెచ్చేవాడు. మాట తక్కువ. క్రికెట్టు ఉంటే ఎవరింట్లోనైనా ఓ మూల కూర్చుని చూసేవాడు.

నెలకోసారి జీపులో ఒక సైకియాట్రిస్టు, ఒక నర్సు, మందుల పెట్టె మా దగ్గరి ఆరోగ్య కేంద్రానికి వచ్చేవారు. ఆ రాక ఆగిపోయింది. కేంద్రంలో సూదిమందు మిగిలినన్నాళ్లు నర్సమ్మ వేసింది. అదీ అయిపోయింది. మా చెల్లెలు ఫోను చేసి, ‘సూది నేదంట అన్నియ్యా, వచ్చీ నెల సూడమన్నారు’ అంది. వచ్చే నెలా అదే మాట.

మీ వైపు లెక్క నాకు చెప్పినంతవరకు ఇది. ఒక్క విడతకు వాహనం, డీజిలు, బత్తెం, సిబ్బంది రోజు జీతం కలిపి రూ.9,000. వచ్చే రోగులు 18 మంది. తలకు రూ.500. నగరంలోని ఆసుపత్రి ఓపీలో ఒక్కో రోగిని చూడడానికి ఇంతకంటే చాలా తక్కువ పడుతుంది. కాబట్టి రోగులే నగరానికి రావడం మేలు. కూడికలో, భాగహారంలో తప్పులేదు. నగదు పుస్తకంలో ఎడమ పేజీ చదివి కుడి పేజీ తిప్పకపోవడమే తప్పు. ఆ కుడి పేజీ నేను రాస్తున్నాను.

1. సర్కారుకు మిగిలింది, ఊరు కట్టింది.

మా చెల్లెలు కొడుకును తీసుకుని చినవాల్తేరు వెళ్లిరావాలంటే: వాడికి బస్సు రానుపోను రూ.90. ఆమెకు స్త్రీశక్తి పథకం వచ్చాక టికెట్టు లేదు. ఆ మేలు ఒప్పుకోవాలి. (రోగి మగవాడైతే మాత్రం టికెట్టు తీయాల్సిందే. తల్లికి ఉచితం, ఎవరికోసం ప్రయాణమో వాడికి చార్జీ.) మద్దిలపాలెంలో దిగాక ఇద్దరికీ షేర్ ఆటోలు రూ.80. తిండికి రూ.120. ఆమె కూలి రూ.400, వాడి కూలి రూ.500. మొత్తం రూ.1,190. అందరికీ ఇంత కాదు. పెన్షను మీద బతికే ముసలివాళ్లకు పోయే కూలి లేదు. సగటున రూ.800 వేసినా 18 మందికి రూ.14,400.

రూ.9,000 మిగల్చడానికి రూ.14,400 ఖర్చయింది. ఆ ఖర్చు మీ ఖాతాలో కాక పూలు కోసేవాళ్ల ఖాతాలో పడింది కనుక దాన్ని పొదుపు అన్నారు. ఏదైనా పంచాయతీ ఇలాంటి లెక్క నా ముందు పెట్టి ఉంటే ‘ఖర్చు బదిలీ, పొదుపు కాదు’ అని ఎర్ర సిరాతో రాసేవాణ్ణి. ఇది ఒక్క ఊరి గోల కూడా కాదు. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో కుటుంబాలు వైద్యానికి, ప్రయాణానికి కలిపి నెలకు రూ.1,000 నుంచి 1,500 చేతినుంచి పెడుతున్నాయని తేలింది. అవి పదేళ్ల నాటి రూపాయలు.

2. ఆగిన సూది ఖరీదు.

రెండో నెల దాటాక మా వాడు అన్నం మానేశాడు. అందులో ఏదో కలుపుతున్నారన్నాడు. మూడో నెలలో ఒక రాత్రి ఇంట్లోంచి వెళ్లిపోయాడు. రెండు రోజుల తర్వాత తగరపువలస దాటాక హైవే పక్కన, చెప్పుల్లేకుండా నడుస్తూ కనిపించాడు. గస్తీ కానిస్టేబులు ఒకతను కూర్చోబెట్టి టీ తాగించి, జేబులో ఉన్న పాత ఓపీ చీటీ మీది నంబరు చూసి ఫోను చేశాడు. చట్టం ప్రకారం అది పోలీసుల విధే కావచ్చు. టీ తాగించమని ఏ చట్టంలోనూ లేదు. అతనికి మేం రుణపడి ఉన్నాం.

తర్వాత 26 రోజులు ఆసుపత్రి పడక. జబ్బు ముదిరిన నెల, పడకలో ఉన్న నెల, తేరుకోవడానికి రెండు నెలలు: మొత్తం నాలుగు నెలలు వాడి కూలి పోయింది. నెలకు 20 రోజుల పని వేసుకున్నా రూ.40,000. మా చెల్లెలు రోజు విడిచి రోజు ఆసుపత్రికి తిరిగింది. 13 రోజుల కూలి రూ.5,200. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన రూ.20,000 ఇంకా తీరలేదు. ఈ 26 రోజుల పడక ఖర్చు, జీతాలు, మందులు, పోలీసు జీపు వేరే. అవి సర్కారువే.

ఆ మూడు నెలలు జీపు వచ్చి ఉంటే మా వాడి వాటాకు పడేది రూ.1,500.

ఇంకోటి ఉంది. వాడు తేరుకోకపోతే ఏమయ్యేది? సదరం క్యాంపుకు తీసుకెళ్లేవాళ్లం. 40 శాతం వైకల్యం తేలితే నెలకు రూ.6,000 పెన్షను, ఏడాదికి రూ.72,000. అదీ ప్రభుత్వ సొమ్మే, పద్దు మాత్రం వేరు. వైద్యం పద్దులో మిగిలింది పెన్షను పద్దులో, పోలీసు పద్దులో, పడకల పద్దులో ఖర్చవుతుంది. మూడు శాఖల పుస్తకాలు ఒక్క బల్ల మీద పరచి చూసే మనిషి జిల్లాలో ఎవరో ఒకరుండాలి. అలా చూసినప్పుడు రూ.500 ఖరీదైన లెక్కా, చవకైన లెక్కా?

3. ఓపీ సంఖ్య అబద్ధం చెబుతుంది.

జీపుకు వచ్చే 18 ఇళ్లలో 11 ఇళ్లు మా చెల్లెలికి తెలుసు. జీపు ఆగాక నగరానికి నెలనెలా వెళ్తున్నవి 5. తక్కిన ఆరిళ్లలో ఇద్దరు ప్రైవేటు మందుల షాపులో పాత చీటీ చూపించి, దొరికినప్పుడు కొంటున్నారు. ఒకామె కొడుకును పుట్టింటికి పంపేసింది. ముగ్గురు పూర్తిగా మానేశారు. మీ నివేదికలో ఈ ఆరుగురి పేర్లు ఎక్కడా ఉండవు. వాళ్లు ఓపీ చీటీ తీసుకోలేదు కనుక ఖర్చూ లేదు. వైద్యం మానేసిన రోగి మీ పట్టికలో అందరికంటే చవకైన రోగి. ఎంత ఎక్కువమంది మానేస్తే పథకం అంత పొదుపుగా కనిపిస్తుంది!

అదే జాతీయ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో సుమారు 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. ఎక్కువ రుగ్మతల్లో పదిమందికి ఏడుగురికో అంతకు మించో వైద్యం అందడం లేదు. అటువంటప్పుడు ‘వచ్చేవాళ్లు తక్కువ’ అన్నది సేవ అనవసరమని చెప్పే రుజువు ఎలా అవుతుంది? రోడ్డు లేని ఊరికి బండ్లు రావడం లేదు కనుక రోడ్డు దండగ అన్నట్టుంది.

4. డాక్టరు రోజు విలువ.

ఇక్కడ మీ వాదనలో నిజం ఉంది. దాచను. ఆ డాక్టరు జీపులో తిరిగే రోజున ఆసుపత్రిలోనే కూర్చుంటే 18 మందికి బదులు ఎన్నో రెట్లు చూస్తారు. శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో తెల్లవారకముందే బయలుదేరి వచ్చినవాళ్లు ఆ వరుసలో ఉంటారు. వాళ్ల రోజుకూ విలువుంది. జీపుకు పెట్టిన రూ.9,000లో డీజిలు చిన్న ఖర్చు, డాక్టరు సమయమే అసలు ఖర్చు.

అయితే నెలనెలా సూది వేయడానికి సైకియాట్రిస్టు కావాలా? మా నర్సమ్మ మందు ఉన్నన్నాళ్లూ తనే వేసింది. గోవాలో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో, డాక్టర్లు కాని కౌన్సెలర్లకు శిక్షణ ఇచ్చి కుంగుబాటు, ఆందోళన ఉన్నవాళ్లకు సాయం చేయించారు. ఆ ఫలితాలు 2010లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. తర్వాత ఖర్చులు లెక్కగడితే ప్రభుత్వ కేంద్రాల్లో మొత్తం మీద ఆదా అయినట్టే తేలింది. మన పక్కనే పశ్చిమ గోదావరిలో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లెట్లు ఇచ్చి ఇంటింటా గుర్తించడం, పీహెచ్‌సీ డాక్టరుకు చూపించడం, మానకుండా చూసుకోవడం పరీక్షించారు. హర్యానాతో కలిపి 44 పీహెచ్‌సీల పరిధిలో జరిగిన పెద్ద ప్రయోగం అది. కుంగుబాటు తగ్గడంలో తేడా కనిపించింది. ఇది పరదేశం మాట కాదు. మన ఆశాలు, మన తెలుగు, మన పీహెచ్‌సీలు.

స్కిజోఫ్రీనియా విషయంలో అంత తీపి కబురు లేదని కూడా చెప్పాలి. మన దేశంలోనే మూడు చోట్ల ఆసుపత్రి వైద్యానికి తోడు ఇంటిదగ్గర సేవ ఇచ్చి చూశారు. 2014లో వచ్చిన ఫలితం: కాస్త మెరుగు, ఖర్చు మాత్రం ఎక్కువ. నా వాదనకు అడ్డొచ్చే కాగితాన్ని ఫైల్లోంచి తీసేసే అలవాటు నాకు లేదు. అయితే మేం అడుగుతున్నది కొత్తగా ఇంటికి మనిషిని పంపమని కాదు, ఉన్న కేంద్రంలో ఉన్న నర్సు చేత ఉన్న సూది వేయించమని. దానికీ దీనికీ చాలా తేడా.

5. ఏ కొలబద్దతో కొలుస్తున్నారు?

కాగ్ పెర్ఫార్మెన్స్ ఆడిట్‌లో మూడు చూడమంటారు: పొదుపుగా కొన్నావా, కొన్నదాన్ని సమర్థంగా వాడావా, అనుకున్న ఫలితం దక్కిందా. మా తరం ఆడిటర్లు, నాతో సహా, మొదటిదాని దగ్గరే ఆగిపోయేవాళ్లం. అది తేలిక. మిగతా రెండూ తెలియాలంటే ఊళ్లోకి వెళ్లాలి.

ఫలితాన్ని ఎలా కొలవాలన్నది నిజంగానే చిక్కు ప్రశ్న. ఇంగ్లండులో నైస్ అనే సంస్థ, ఒక వైద్యం వల్ల మనిషికి ఒక నిండైన ఆరోగ్య సంవత్సరం అదనంగా రావడానికి ఎన్ని పౌండ్లు పడుతుందో చూస్తుంది. చాలా ఏళ్లపాటు 20,000 నుంచి 30,000 పౌండ్ల లోపైతే సరేననేవారు. ఆ ఆరోగ్యాన్ని లెక్కగట్టడానికి వాడే ఈక్యూ-5డి అనే ఫారంలో ఐదు ప్రశ్నలుంటాయి: నడవగలవా, నీ పనులు నువ్వు చేసుకోగలవా, రోజువారీ పనులు సాగుతున్నాయా, నొప్పి ఉందా, ఆందోళన గానీ కుంగుబాటు గానీ ఉందా. మా వాడు తగరపువలస దాకా నడిచాడు. నొప్పి లేదు. స్నానం తనే చేస్తాడు. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారన్న దానికి ఆ ఐదింటిలో గడి లేదు. అక్కడి పండితులే ఈ లోపం ఎత్తిచూపారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లు 2016లో 36 దేశాలకు లెక్కగట్టి, కుంగుబాటు, ఆందోళన వైద్యం మీద పెట్టే ప్రతి డాలరుకు నాలుగు డాలర్లు తిరిగొస్తాయని చెప్పారు. మానసిక ఆరోగ్యం కోసం మాట్లాడేవాళ్లంతా ఆ నాలుగు డాలర్ల మాట ఎత్తుకుంటారు. నేను కావాలనే ఎత్తుకోవడం లేదు. పనిలోకి తిరిగి వెళ్లి సంపాదించినదాన్నే ఫలితం అనుకుంటే, తీవ్రమైన జబ్బున్నవాళ్లు ఎప్పుడూ వరుస చివరే నిలబడతారు. మా వాడు పూలబుట్టలు ఎత్తగలడు కాబట్టి పైన రూ.40,000 అని రాయగలిగాను. ఏమీ ఎత్తలేనివాడి తల్లి ఏ అంకె రాయాలి? అందుకే పొదుపు, సామర్థ్యం, ఫలితంతోపాటు నాలుగోది కావాలి: ఎవరికి అందింది, ఎవరికి అందలేదు.

6. విశాఖ జనాభాను బట్టి వేసిన లెక్క విశాఖకే చాలదు.

1871 నాటి చినవాల్తేరు ఆసుపత్రి ఉత్తరాంధ్ర మొత్తానికీ పెద్దదిక్కు. ఒడిశా సరిహద్దు నుంచి కూడా వస్తారు. 2022 ఏప్రిల్ 4న జిల్లా మూడు ముక్కలైంది గానీ రోగులు మూడు ముక్కలు కాలేదు. అనకాపల్లి, అల్లూరి జిల్లాలవాళ్లు ఇక్కడికే వస్తున్నారు. అక్కడ సేవ లేనందువల్ల ఇక్కడ పడే భారాన్ని ఏ జిల్లా ప్రణాళికలో చూపిస్తున్నారు? హుద్‌హుద్ తుఫాను తర్వాత, 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో గ్యాస్ లీకయ్యాక నిద్రపట్టని ఇళ్ల లెక్క ఏ పద్దులో ఉంది? విశాఖలో చదువుకుంటున్న నీట్ విద్యార్థిని మరణం కేసులోనే 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, ఆ పైన విద్యార్థులుంటే అర్హత ఉన్న కౌన్సెలరు ఉండాలంది. కౌన్సెలరు గుర్తించిన పిల్లను ఎక్కడికి పంపాలో కూడా మీ ప్రణాళికలోనే ఉండాలి కదా.

7. ఫోను సూది వేయదు.

టెలీ మానస్, 14416, మంచి సేవ. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రి కూడా ఎత్తుతారు. ఇది చదివేవాళ్లలో ఎవరికి అవసరమైనా మొహమాటపడకుండా చేయండి. మా చెల్లెలు కూడా చేసింది, ఓపిగ్గా విన్నారు, దగ్గరి ఆరోగ్య కేంద్రానికి వెళ్లమన్నారు. వెళ్తే ఏమైందో పైన రాశాను. ఫోను ఉంది కదా అని జీపు ఆపితే ఆ రెండూ దండగే.

ఇక చట్టం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. 18వ సెక్షన్ చదవండి. మానసిక రోగి ఎవరూ వైద్యం కోసం దూరం వెళ్లాల్సిన పరిస్థితి ఉండకూడదని, నివాసానికి దగ్గర్లోనే సేవ ఉండాలని, అది చూడాల్సింది ప్రభుత్వమేనని అందులో ఉంది. అత్యవసర మందుల జాబితాలోనివి సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని పైస్థాయి ప్రభుత్వ ఆసుపత్రులన్నిటిలో ఎల్లవేళలా ఉచితంగా ఉండాలని ఉంది. చట్టం చెప్పిన కనీస సేవలు జిల్లాలో లేకపోతే రోగి ఆ జిల్లాలోనే మరోచోట చూపించుకోవచ్చని, ఆ ఖర్చు ప్రభుత్వం భరించాలని కూడా ఉంది. మా కేంద్రం స్థాయి ఏమిటని మందుల విషయంలో మీరు వాదించవచ్చు. దూరం విషయంలో ఆ వాదనకు తావులేదు. అంటే సేవ ఇవ్వాలా వద్దా అన్నది ఖర్చు, ఫలితం తూచి తేల్చే ప్రశ్నే కాదు. అది తేలిపోయింది. ఎలా ఇస్తే రూపాయికి ఎక్కువ మంచి జరుగుతుందన్నదే మీ ముందున్న ప్రశ్న.

మా డిమాండ్లు ఇవి. కొత్త భవనం అడగడం లేదు. ఇది గమనించండి.

ఒకటి. జీపు ఆపిన నిర్ణయం వెనకున్న లెక్క కాగితం మీద బయటపెట్టండి. రూ.9,000లో దేనికెంతో, ఆ లెక్క ఎవరు వేశారో, నగర ఓపీ ఖర్చును దేన్ని చూసి పోల్చారో. ఆసుపత్రిలో ఒక పడకకు రోజుకు ఎంతవుతుందో దాని పక్కనే చూపండి.

రెండు. ఇకమీదట ఏ మానసిక వైద్య సేవను పెట్టాలన్నా, తీసేయాలన్నా ప్రభుత్వ ఖర్చు పక్కన కుటుంబం ఖర్చు అని ఒక గడి ఉండాలి. బస్సు, ఆటో, తిండి, ఇద్దరి కూలి. పెద్ద సర్వే అక్కర్లేదు. ఓపీ వరుసలో నిలబడ్డ యాభై మందిని అడిగితే ఒక్క పూటలో తేలుతుంది. కావాలంటే నేను వచ్చి కాగితం, కలం పట్టుకుంటాను, బత్తెం వద్దు.

మూడు. నెలకు ఎన్ని ఓపీలు అని కాదు, కిందటి ఏడాది సూది మొదలుపెట్టిన వందమందిలో ఇప్పటికీ ఎంతమంది వేయించుకుంటున్నారు అని కొలవండి. మళ్లీ పడక ఎక్కినవాళ్లెందరో కొలవండి. ఈ రెండు అంకెలు మూడు నెలలకోసారి జనం చూసేలా ప్రకటించండి.

నాలుగు. డాక్టరు నెలనెలా రానక్కర్లేదు. మూడు నెలలకోసారి రండి, చీటీ రాయండి. మధ్య రెండు నెలలు స్థానిక మెడికల్ ఆఫీసరు పర్యవేక్షణలో నర్సు సూది వేస్తుంది. ఆ నర్సుకు శిక్షణ, అనుమానం వస్తే ఫోను చేయడానికి ఒక డాక్టరు పేరు ఇవ్వండి. డాక్టరు రోజులు మూడోవంతుకు తగ్గుతాయి, 18 మందికీ సూది ఆగదు. మీరు అడిగిన పొదుపు ఇక్కడుంది.

ఐదు. సూదిమందు, ముఖ్యమైన మాత్రలు ప్రతి కేంద్రంలో కనీసం రెండు నెలల నిల్వ. ఎన్ని రోజులు మందు లేదో స్టాకు రిజిస్టరులో తెలిసిపోతుంది. ఆ రోజుల సంఖ్య పై అధికారి బల్ల మీదికి ప్రతి నెలా వెళ్లాలి. ఒక్క సూది తప్పినా ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి చూడాలి. ఆ పనికి ఆమెకు వేరుగా డబ్బివ్వాలి. ఉచితంగా చేయించుకుని దాన్నీ పొదుపు అనకండి.

ఆరు. ప్రణాళిక వేసే గదిలో రోగుల కుటుంబాలవాళ్లు ఇద్దరు, బాగై పనిచేసుకుంటున్న రోగి ఒకరు ఉండాలి. చివర్లో సంతకాలు పెట్టించుకోవడానికి కాదు, ఏది ఫలితమో మొదట నిర్ణయించడానికి. మా మేనల్లుణ్ణి అడిగితే వాడు చెప్పిన ఫలితం, ‘రాత్రి నిద్రపడితే చాలు మావయ్యా, పొద్దున పనికెల్లొచ్చు’ అని. ఈక్యూ-5డి ఫారంలో నిద్ర లేదు.

ఈ లేఖ అందిన నెల రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వమని కోరుతున్నాను. ‘పంపడమైనది’ అన్న జవాబు నా దగ్గర ఒకటి ఉంది, రెండోది వద్దు.

మా వాడికి వచ్చే సూది పదమూడో తారీఖున. ఇంకా నగరంలోనే. తెల్లారి అయిదున్నర బస్సుకు నేనూ వెళ్తున్నాను, ఎందుకంటే చెల్లెలికి ఆ రోజు కోత ఉంది. మీలో ఎవరైనా ఒకరు మాతో రండి. ఊళ్లో ఎక్కి, మద్దిలపాలెంలో దిగి, ఆటో పట్టుకుని, ఓపీ వరుసలో నిలబడి, మందులు తీసుకుని, సాయంత్రం మళ్లీ ఊళ్లో దిగేదాకా. మీ టికెట్టు నేనే తీస్తాను. వోచరు అడగను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆడిట్ ఉద్యోగి,
విశాఖపట్నం